తల మీద చెయ్యి

రాత్రి ఎనిమిదిన్నర. అన్నాలయ్యాయి. టీవీ కట్టేశారు. కృష్ణదేవిపేటలోని ఆ ఇంట్లో పిల్లలు పడుకోబోయే ముందు వరుసగా నిలబడతారు. ముందు మనవడు, వాడి వెనక మనవరాలు, ఆ వెనక పక్కింటి కుర్రాడు. పక్కింటివాడికి ఆ ఇంటితో చుట్టరికమూ లేదు, వాళ్లది ఆ మతమూ కాదు. హోంవర్కు చేసుకోవడానికి వచ్చి, వెళ్లేముందు వాడూ వరుసలో నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

మామ్మ నవారు మంచం మీద కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కళ్ల తల మీద కుడిచెయ్యి పెడుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది. ముద్దుపేరు కాదు, బడిలో రాయించిన పూర్తి పేరు. ఆ తర్వాత మూడే మాటలు.

"దేవుడు నిన్ను సల్లగా సూడాల. నీకు బయమేసినప్పుడు నీ పక్కనుండాల. నువ్వెల్లిన కాడ నిన్ను సూసి ఒకలైనా సంతోసపడాల."

అంతే. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా పట్టదు. మనవడు ఇంటర్ చదువుతున్నాడు. మామ్మకంటే జానెడు పొడుగు. అయినా వంగి తల పెడతాడు. స్నేహితులెవరైనా వచ్చి ఉంటే మాత్రం సిగ్గుపడి "తొందరగా కానీ మామ్మా" అంటాడు. మామ్మ తొందరపడదు. మూడు మాటలూ పూర్తయ్యాకే చెయ్యి తీస్తుంది.

పక్కింటావిడ ఏమనుకుంటుందోనని మొదట్లో ఇంట్లోవాళ్లు కాస్త జంకారు. ఓ రోజు ఆవిడే వచ్చి, "మావోడికి జొరంగా ఉంది మామ్మగారూ. మీ కాడికెల్తానని ఒకటే గోల. ఒకసారొచ్చి సెయ్యెట్టరా" అని అడిగింది. ఆ తర్వాత ఇక జంకు లేదు.

కృష్ణదేవిపేట అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు పట్టుకుపోయిన మనిషి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు. సమాధి ఇక్కడే ఉంది. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లిన పెద్దవాళ్లెవరైనా అనే మాట ఒకటే, 'నువ్వూ అంతటివాడివి కావాలిరా' అని. మంచి మాటే, అందులో తప్పు లేదు. కానీ మామ్మ ఆ మాట అనదు. ఫలానావాడంతటివాడివి కావాలనీ అనదు, ఫలానా ఉద్యోగం రావాలనీ అనదు. ఎందుకనదో ఇంట్లో ఆవిడకీ, ఆవిడ చిన్నకొడుక్కీ మాత్రమే తెలుసు.

తెలుగువాళ్లకు దీవెన కొత్త కాదు. పిల్లాడు తుమ్మితే 'చిరంజీవ' అంటాం. కాళ్లకు దండం పెడితే 'నిండు నూరేళ్లు' అంటాం. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, పాడుమాట అనకండని కసురుకుంటాం. ఉత్తరాంధ్రలోనైతే బస్సులో సంచి అందించిన కుర్రాడిని కూడా ముసలమ్మలు "సల్లగుండు బావూ" అనకుండా వదలరు. మామ్మ 'సల్లగా' అన్న మాట అక్కడినుంచి వచ్చిందే. చర్చిలో నేర్చుకున్నది కాదు. ఆమె చర్చినుంచి తెచ్చుకున్నది వేరే ఉంది. దీవించే మనిషి దగ్గర ఏమీ ఉండదు, ఇచ్చేవాడు పైనున్నాడు, మధ్యలో ఈ మనిషి పోస్టుమాన్ మాత్రమే అన్నది. "నాదేటుంది, తెచ్చి అందిస్తన్నాను" అంటుంది.

కెనడా బాప్టిస్టు మిషన్‌వాళ్లు తెలుగునాట పని మొదలుపెట్టింది 1874లో, కాకినాడలో. తర్వాత్తర్వాత అటు శ్రీకాకుళం దాకా పాకారు. నర్సీపట్నంలోనూ వాళ్ల మిషన్ కేంద్రం ఉండేది. బైబిల్ స్త్రీలని ఉండేవారు ఆ రోజుల్లో. చేతిసంచిలో పుస్తకం పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చదువురాని ఆడవాళ్లకు కథలు చెప్పి, పాటలు నేర్పి, జబ్బుపడ్డవాళ్ల తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవారు. మామ్మ తల్లికి అక్షరాలు వచ్చింది అలాంటి ఒకావిడ దగ్గరే. తల మీద చెయ్యి పెట్టడం కూడా అక్కడినుంచే ఆ ఇంటికి వచ్చింది.

ఆదివారం ఆరాధన చివర అయ్యగారు రెండు చేతులూ ఎత్తి దీవెన చెబుతారు. పాత తరంవాళ్లు అది వినకుండా గడప దాటరు. ప్రసంగం మధ్యలో కునుకు తీసినవాళ్లు కూడా ఆ నిమిషానికి మేలుకుంటారు! కృష్ణదేవిపేటలోనే కాదు, తెలుగునాట చాలా చర్చిల్లో ఇది చూడొచ్చు.

ఇంతకీ మామ్మ దీవెనలో ఉద్యోగం మాట ఎందుకు లేదు?

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చదువులో చురుకు. పదో తరగతిలో బడికంతటికీ ఫస్టు వచ్చాడు. ఆ రోజునుంచి వాడి పేరు ఎవరూ పిలవలేదు. ఊరంతా 'డాక్టరుబాబు' అన్నారు. ప్రార్థన కూటాల్లో పెద్దలు 'ఈ బిడ్డను డాక్టరును చెయ్యి తండ్రీ' అన్నారు. అమ్మ రోజూ రాత్రి తలమీద చెయ్యిపెట్టి, "నువ్వు డాక్టరువై మనూల్లో ఆసుపత్రి కట్టాల" అంది. అందరూ ప్రేమతోనే అన్నారు. వాడు ఎంసెట్ రాశాడు, సీటు రాలేదు. రెండోసారి రాశాడు, రాలేదు. 'దేవుడు ఊరికే అనిపించడు, మూడోసారి వస్తుంది' అన్నారంతా. ఆ వేసవిలో నర్సీపట్నం వెళ్లొస్తానని బయల్దేరినవాడు తిరిగి రాలేదు.

నాలుగు నెలల తర్వాత చెన్నైనుంచి ఉత్తరం వచ్చింది. ఒక గోడౌన్‌లో లెక్కలు రాస్తున్నాననీ, క్షేమంగా ఉన్నాననీ, వెతకొద్దనీ రాశాడు. కింద ఒక్క ముక్క. 'నువ్వు తల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా బరువుగా ఉండేదమ్మా.'

ఆ ఉత్తరం ఆమె బైబిల్లో పెట్టుకుంది. ఆ రాత్రినుంచి దీవెన మానేసింది. చిన్నకొడుక్కి అప్పటికి పద్నాలుగేళ్లు. వాడి తలమీద చెయ్యిపెట్టాలంటే భయం. మళ్లీ ఏ బరువు పెడతానోనని. తండ్రా, కోపిష్టి మనిషి. ఆయన నోటినుంచి వచ్చేవి 'వెధవా', 'ఎందుకూ పనికిరావు' తప్ప వేరే మాటలు కావు. ఒకరు భయపడి మాట్లాడక, ఇంకొకరు మాట్లాడితే తిట్టే ఆ ఇంట్లోనే చిన్నవాడు పెద్దయ్యాడు. మోటారు వైండింగు నేర్చుకుని సొంతంగా షాపు పెట్టుకున్నాడు. పెళ్లయింది. కష్టజీవి. కానీ మంచి మాట ఒకటి పైకి అనాల్సి వస్తే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. 'బాగా చేశావురా' అనడానికి కూడా అవతలివాడు గది దాటి వెళ్లేదాకా ఆగుతాడు.

అతనికి కొడుకు పుట్టాక చర్చిలో ప్రతిష్ఠ జరిగింది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డను దేవుడి ఎదుట పెట్టి ప్రార్థన చేస్తారు. అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఆదివారం చెప్పే దీవెనే వాడికోసం చెప్పారు. నలభై ఏళ్లుగా వింటున్న ఆ మాటల్ని మామ్మ ఆ రోజే మొదటిసారి విన్నట్టు విన్నది. అందులో డాక్టరు లేడు. ఆస్తి లేదు. ఫస్టుక్లాసు లేదు. కాపాడమని ఉంది, దేవుడి ముఖకాంతి వీడి మీద పడాలని ఉంది, శాంతి దొరకాలని ఉంది. అంతే.

ఇంటికొచ్చాక సంఖ్యాకాండం ఆరో అధ్యాయం తీసి మళ్లీ మళ్లీ చదువుకుంది. మోషే అన్న అహరోనుకు, అతని కొడుకులకు ప్రజల్ని ఎలా దీవించాలో చెప్పిన భాగమది. హీబ్రూలో మొత్తం పదిహేనే పదాలు. మొదటి వరసలో మూడు, రెండో దాంట్లో అయిదు, మూడో దాంట్లో ఏడు. ఇంకో విశేషం, దీవించేది జనం అందరినీ అయినా ఆ మాటలు 'మిమ్మల్ని' అనవు, 'నిన్ను' అంటాయి. గుంపులో ఉన్నా ఒక్కొక్కడికీ విడిగా చెప్పినట్టు. యూదుల ఇళ్లల్లో ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం తండ్రులు పిల్లల తలమీద చేతులుపెట్టి ఈ మాటలే చెబుతారు.

ఎంత పాతవో ఈ మాటలు! 1979లో యెరూషలేములో కేతెఫ్ హిన్నోం అనేచోట గాబ్రియేల్ బర్కాయ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పాత సమాధుల్ని తవ్వుతున్నాడు. సాయానికి వచ్చినవాళ్లలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు మహా తుంటరి, ప్రశ్నలతో విసిగించేవాడు. వాడి గోల పడలేక ఓ మూల గది శుభ్రం చేయమని పంపేశాడు. విసుగెత్తిన కుర్రాడు సుత్తి తీసుకుని నేలమీద బాదాడు. అది నేల కాదు, పైనుంచి రాలిపడ్డ కప్పు. దాని కింద వందల వస్తువులు భద్రంగా ఉన్నాయి. వాటిలో రెండు చిన్న వెండిరేకులు, సిగరెట్టులా చుట్టినవి. విప్పితే పెద్దది కూడా పది సెంటీమీటర్లు ఉండదు. విరిగిపోకుండా విప్పడానికే మూడేళ్లు పట్టింది. వాటిమీద గీకి ఉన్నవి ఈ దీవెన మాటలే. సుమారు 2600 ఏళ్ల నాటివి. బైబిల్లోని వాక్యాలు దొరికిన రాతల్లో ఇంతకంటే పాతవి ఇంకా లేవు. ఎవరో మెడలోనో, చేతికో తాయెత్తులా కట్టుకుని ఉంటారు. బయటపెట్టింది మాత్రం 'వీడితో పడలేం' అనిపించుకున్న పిల్లాడు!

మామ్మకు ఈ వెండిరేకుల కథ తెలీదు. ఆమెకు తెలిసింది ఏశావు కథ. ముసలి ఇస్సాకు దగ్గర తమ్ముడు యాకోబు మోసంచేసి దీవెన కొట్టేస్తే, వేటనుంచి తిరిగొచ్చిన అన్న ఏశావు నాకంటూ ఒక్క దీవెన కూడా మిగల్చలేదా అని తండ్రి ముందు ఏడుస్తాడు. ఆదికాండంలో ఆ భాగం వచ్చినప్పుడల్లా ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెడుతుంది. ఒక కొడుక్కి మొయ్యలేనంత పెట్టింది. ఇంకొకడికి అసలు పెట్టలేదు. రెండూ తానే చేసిందని ఆమెకు తెలుసు.

అలా తయారయ్యాయి ఆ మూడు మాటలు, మనవడి ప్రతిష్ఠ జరిగిన రోజు రాత్రి. వాడు ఏమవుతాడన్నదానితో పనిలేని మాటలు. వాడు గెలిచినా పనికొస్తాయి, ఓడినా పనికొస్తాయి.

పొగడ్తకూ దీవెనకూ తేడా ఇక్కడే ఉంది. పొగడ్త పని అయ్యాక వస్తుంది. మార్కుల జాబితా చూశాక వస్తుంది. దీవెనకు మార్కుల జాబితా అక్కర్లేదు. మార్కు సువార్తలో పిల్లల్ని ఎత్తుకుని చేతులుంచి దీవించిన యేసు, ముందు వాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన విషయంలోనూ అంతే. నీళ్లలోంచి పైకి వచ్చినప్పుడు నువ్వు నా ప్రియమైన కుమారుడివన్న స్వరం వినిపించే నాటికి, ఆ సువార్తలో ఆయన ఒక్క అద్భుతమూ చేయలేదు, ఒక్క బోధా చేయలేదు.

ఈమధ్య కొన్ని సభల్లో దీవెనలు వేరేగా ఉంటున్నాయి. ఈ ఏడాది నీకు కారు వస్తుంది, మేడ కడతావు, విదేశాలకు వెళ్తావు అని మైకులో ప్రకటిస్తుంటే జనం చేతులెత్తి అందుకుంటారు. అది దీవెనలా కాదు, కొట్లో సరుకుల చీటీ చదివినట్టుంటుంది. రానివాళ్లు ఏమవుతారో మైకు పట్టుకున్నవారికి తెలీదు. మామ్మకు తెలుసు.

మొన్నటి ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మనవడు మొదటి సంవత్సరం ఫిజిక్సు తప్పాడు. సాయంత్రం షాపునుంచి వచ్చిన తండ్రి మార్కులు చూశాడు. తన తండ్రి మాటలే అతని నోటికి వచ్చాయి. తిండి దండగ అన్నాడు. ఎందుకూ పనికిరావన్నాడు. వాడు ఎదురు చెప్పలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. గంటయినా రాలేదు. ఫోను ఇంట్లోనే ఉంది. తల్లి సందు చివరిదాకా వెళ్లి చూసొచ్చింది. స్నేహితుల ఇళ్లకు కబురు పంపింది. ఫలితాల మర్నాడు పేపర్లో వచ్చే వార్తల్ని ఏ తల్లీ పూర్తిగా చదవలేదు. తండ్రి మోటారుసైకిలు తీసి చింతపల్లి రోడ్డులో ఓసారి, నర్సీపట్నం రోడ్డులో ఓసారి తిరిగొచ్చాడు. మామ్మ మంచం మీదే కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లనాటి వేసవి ఆమెకు మళ్లీ వచ్చినట్టుంది.

ఎనిమిదిన్నరకు గేటు చప్పుడైంది.

వాడు ఎవరి ముఖమూ చూడలేదు. నేరుగా వచ్చి చెల్లెలికి ముందు, తన చోటులో నిలబడ్డాడు. మామ్మ చెయ్యిపెట్టింది. పూర్తి పేరు పిలిచింది. అవే మూడు మాటలు. ఫిజిక్సు గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. 'పోన్లే' అనలేదు, 'వచ్చేసారి పాసవుతావు' అనలేదు. రెండో మాట దగ్గర, భయమేసినప్పుడు పక్కనుండాల అన్నచోట, వాడి భుజాలు కదిలాయి. మామ్మ చెయ్యి మాత్రం కదల్లేదు. తండ్రి గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. తర్వాత వెళ్లి మోటారుసైకిలు లోపల పెట్టాడు.

వాడు మే నెలలో సప్లిమెంటరీ రాశాడు. పాసయ్యాడు. కానీ కథ అది కాదు.

వర్షాకాలంలో ఓ తెల్లవారుజామున మామ్మకు పక్షవాతం వచ్చింది. నర్సీపట్నం తీసుకెళ్లారు, అక్కడినుంచి విశాఖపట్నం. ప్రాణం దక్కింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. పెదాలు కదులుతాయి, శబ్దం వస్తుంది, మాట కాదు. చెప్పేవన్నీ అర్థమవుతాయి. ఇంటికి తీసుకొచ్చిన రోజు రాత్రి ఎనిమిదిన్నరకు పిల్లలు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. మనవడు దగ్గరికెళ్లి వంగాడు. చెయ్యి తలమీద ఉంది, మాట లేదు. కాసేపటికి వెనకనుంచి మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, అన్న పూర్తి పేరు చెప్పి మామ్మ యాసలోనే మూడు మాటలూ అప్పజెప్పింది. అప్పటినుంచి అదే పద్ధతి. చెయ్యి మామ్మది, మాటలు ఆ పిల్లవి. పిల్ల వంతు వచ్చినప్పుడు అన్న చెబుతాడు.

కబురు అందుకుని పెద్దకొడుకు వచ్చాడు. యాభై దాటాయి. తల నెరిసింది. తండ్రి పోయినప్పుడు ఒకసారి వచ్చి రాత్రికి రాత్రే వెళ్లిపోయినవాడు. ఈసారి మంచం పక్కన స్టూలుమీద పగలంతా కూర్చున్నాడు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. రాత్రి పిల్లలు వరుసకట్టారు. ఆయన లేచి దారి ఇవ్వబోయాడు. మామ్మ ఎడమచెయ్యి ఆయన చొక్కా పట్టుకుంది.

ఆయన మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. చెయ్యి తలమీదికి వచ్చింది. అందరూ మనవరాలి వంక చూశారు. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగి అడిగింది, "పెదనాన్న పూర్తి పేరేటి నాన్నా?"

ఇంట్లో పెదనాన్నే తప్ప పేరు విన్నది లేదు దానికి.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. అన్న పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా, బడిలో రాయించినట్టు. అక్కడితో ఆగుతాడనే అందరూ అనుకున్నారు. "దేవుడు నిన్ను సల్లగా..." అని మొదలుపెట్టాడు. అన్నగారిని 'నిన్ను' అనొచ్చో లేదో అని కాబోలు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అన్నాడు. రెండో మాటా చెప్పాడు. మూడోది గుర్తు రాలేదు. పదిహేడేళ్లుగా గుమ్మంలోంచి వింటున్నవాడే. కూతురు పక్కనుంచి అందించింది. దాని వెనకే పదం పదం చెప్పాడు. తలమీద ఉన్న చెయ్యి చాలాసేపు తీయలేదు. కిందున్నాయన కూడా లేవలేదు.

వరుస చివర పక్కింటి కుర్రాడు కాళ్లు మార్చి మార్చి నిలబడి చూశాడు.

"మరి నాకో?" అన్నాడు.